తీర్మానము ఎవరిది?
మన మెదడు, మన గురి, మన బాధ్యత



డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ కూడికలో మనలో అనేకులము తీర్మానములు చేసికొంటాము. "ఈ సంవత్సరము కోపము మానుకొంటాను", "అప్పు చేయను", "తాగుడు ముట్టను", "ఊళ్లో ఉన్న అమ్మకు వారానికొకసారైనా ఫోను చేస్తాను" అని ఎవరికి తోచినది వారు అనుకొంటారు. ఆ రాత్రి ఆ మాట అబద్ధము కాదు. కొందరు కన్నీళ్లతో చెప్పినదే. అయినను సంక్రాంతి వచ్చేసరికి వాటిలో ఎన్నో కనబడకుండ పోతాయి.

ఎందుకిలా జరుగుతుంది? తప్పు ఎవరిది? ఈ ప్రశ్నకు మన ఇండ్లలో రెండు జవాబులు వినబడతాయి. పెద్దలు, "మనసుంటే మార్గముంటుంది. వాడికి మనసు లేదు, అంతే" అంటారు. సైన్సు చదివిన పిల్లలు, "మనసంటే మెదడే గదా తాతయ్యా. మెదడంటే కణాలే గదా. కణాలు చేసిన పనికి మనిషిని ఎందుకు తిడతారు?" అంటారు. మొదటి జవాబులో కనికరము లేదు. రెండవ జవాబులో బాధ్యత లేదు. రెండింటిలోను కొంత నిజమున్నది గనుక, మెదడు ఒక గురిని ఎట్లు ఎంచుకొంటుందో, ఎట్లు జ్ఞాపకముంచుకొంటుందో కొంచెము తెలిసికొని, ఆ మీదట తీర్పు సంగతి ఆలోచించుదము.

మునసబు లేని ఊరు

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,300 నుండి 1,400 గ్రాములు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని మెదడు మ్యూజియమును చూచినవారికి తెలుసు, పైకి అది ముడతలు పడిన ఒక ముద్ద, అంతే. కాని అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని 2009లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ఒక్కొక్క కణము వేలకొలది ఇతర కణముల నుండి సందేశములు అందుకొంటుంది. అందినవన్నీ కలిసి ఒక హద్దు దాటితే తానును ఒక చిన్న విద్యుత్ సంకేతమును పంపుతుంది. దాటకపోతే ఊరకుంటుంది. ఒంటరిగా ఒక కణము చేయగలిగినది దాదాపు ఇంతే.

శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లే. అయినను మనము ఊరక కూర్చున్నప్పుడు శరీరము వాడుకొనే శక్తిలో ఇంచుమించు ఇరవై పాళ్లు అదే తీసికొంటుంది. అందులో పెద్ద భాగము కణముల మధ్య సందేశములు నడుచుటకే ఖర్చవుతుంది. కణములకు ఆ శక్తిని అందించే పదార్థము ఏ.టి.పి. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఆ పదార్థమును కనుగొన్నారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా కనుగొన్నాడు.

ఇన్ని వేల కోట్ల కణములలో "ఇది చేయండి" అని ఆజ్ఞ ఇచ్చే పెద్ద కణము ఒకటున్నదా అంటే, లేదు. ఇది మునసబు లేని ఊరు. అటువంటి ఊరిలో తీర్మానము ఎట్లు జరుగుతుంది? జరిగిన తీర్మానము ఎవరి దగ్గర భద్రముగా ఉంటుంది?

నుదుటి వెనుక ఉన్నది

ఈ విషయములో మొట్టమొదటి పాఠము ఒక ప్రమాదము వలన వచ్చినది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రములో రైలు దారి కొరకు రాళ్లు పేలుస్తుండగా, ఫినియస్ గేజ్ అను 25 ఏండ్ల మేస్త్రీ చెంపలోనుండి మూడున్నర అడుగుల పైగా పొడవున్న ఇనుప కడ్డీ దూసికొని నడినెత్తి నుండి బయటికి పోయింది. అతడు బ్రతికాడు. మాట్లాడగలిగాడు, నడవగలిగాడు. కాని అతనికి వైద్యము చేసిన డాక్టరు హార్లో తరువాత వ్రాసిన ప్రకారము, ఏదో చేయాలని ఏర్పాటు చేసికొనుట, వెంటనే దానిని విడిచిపెట్టుట అతని స్వభావమైపోయింది. గురి పెట్టుకొనగలడు, గురిని పట్టుకొనలేడు.

1930లలో యేల్ విశ్వవిద్యాలయములో కార్లైల్ జేకబ్‌సన్ కోతులతో ఒక పరీక్ష చేశాడు. కోతి చూస్తుండగా రెండు గిన్నెలలో ఒకదాని క్రింద తినుబండారము పెట్టి, మధ్యలో తెర దించి, కొన్ని క్షణములు ఆగి తెర ఎత్తేవారు. మామూలు కోతి సరియైన గిన్నెను తీస్తుంది. నుదుటి వెనుక భాగము తొలగించిన కోతి తీయలేదు. దానికి చూపు ఉన్నది, ఆకలి ఉన్నది, చేయి ఉన్నది. తెర దించిన కొన్ని క్షణములు "అక్కడున్నది" అను మాటను లోపల పట్టుకొనే శక్తి మాత్రము లేదు.

1971లో లాస్ ఏంజలస్‌లో హోకిన్ ఫుస్టర్, గారెట్ అలెగ్జాండర్, అదే ఏడాది జపానులో కుబోటా, నికి అనువారు వేరువేరుగా ఆ భాగములోని కణముల పనిని కొలిచారు. తెర దించియున్నప్పుడు, కంటికి ఏమియు కనబడని ఆ సమయములో, కొన్ని కణములు ఆగకుండ సంకేతములు పంపుతూనే ఉన్నవి. 1989లో యేల్‌లో పట్రీషియా గోల్డ్‌మన్-రాకిచ్ బృందము, కొన్ని కణములు కుడివైపు గురికి, కొన్ని ఎడమవైపు గురికి, కొన్ని పై వైపు గురికి ఎక్కువగా స్పందిస్తాయని చూపించింది. ఒక కణము చెప్పే మాట అస్పష్టముగా ఉంటుంది. అన్నియు కలిసినప్పుడే "అక్కడ" అను మాట స్పష్టమవుతుంది.

పాటకూటమి శ్వాస తీసికొనునట్లు

కణములు దీనిని ఎట్లు నిలుపుకొంటాయి? కెనడా శాస్త్రవేత్త డోనాల్డ్ హెబ్ 1949లోనే ఒక ఊహ చెప్పాడు. కలిసి పనిచేసే కణముల మధ్య బంధము బలపడుతుంది. అట్టి గుంపులో ఒకదానిని మరొకటి లేపుతూ, మొదట లేపిన కారణము పోయిన తరువాత కూడ ఆ పనిని కొంతసేపు కొనసాగిస్తాయి.

మన కొయిర్‌లో పాడేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక పెద్ద స్వరమును చాలసేపు పట్టి ఉంచవలసినప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీసికొనరు. ఒకరు తీసికొనేటప్పుడు పక్కవారు పాడుతుంటారు. వినేవారికి పాట ఆగినట్లు తెలియదు. ఇటీవలి పరిశోధనలలో కనబడినది కూడ ఇట్టిదే. ఒక్కొక్క కణము ఎడతెగక పనిచేయక, కొంతసేపు పని, కొంతసేపు విరామము అన్నట్లు ఉంటుందనియు, ఆ విరామములో కణముల మధ్యనున్న అతుకులు కొద్దిసేపు బలపడి మాటను కాపాడుతాయనియు కొందరు శాస్త్రవేత్తలు చూపుతున్నారు. ఎడతెగని పని ఎంత, విరామము ఎంత అను విషయములో వారిలో చర్చ ఇంకను సాగుతున్నది. గురి ఏ ఒక్క కణము సొత్తు కాదు అను దానిలో మాత్రము భేదము లేదు.

ఈ పాటను చెదరగొట్టుట కష్టము కాదు. 1953లో అమెరికాలో మూర్ఛవ్యాధికి మెదడు ఆపరేషన్ చేయించుకొన్న హెన్రీ మొలేసన్ అను ఆయనకు, మెదడు లోపలనున్న హిప్పోకాంపస్ అను భాగము చాలవరకు తొలగించారు. అప్పటినుండి 2008లో చనిపోయే వరకు ఆయనకు కొత్త సంగతులు జ్ఞాపకము నిలువలేదు. ఒకసారి బ్రెండా మిల్నర్ అను శాస్త్రవేత్త 584 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనమని ఆయనతో చెప్పినది. ఆయన దానిని మనసులో తిప్పుకొంటూ, లెక్కలు కట్టుకొంటూ పదిహేను నిమిషముల వరకు నిలుపుకొన్నాడు. మాట వేరొక వైపు మళ్లగానే సంఖ్యయే గాక, తాను ఒక సంఖ్యను జ్ఞాపకముంచుకొన్న సంగతియు పోయింది. నుదుటి వెనుక భాగము గురిని కొద్దిసేపు పట్టి ఉంచుతుంది. అది చెదిరిన తరువాత తిరిగి తెచ్చి ఇచ్చుటకు హిప్పోకాంపస్ వంటి ఇతర భాగములు కావలెను. ఏడాది పొడుగునా నిలువవలసిన తీర్మానమునకు ఈ రెండును అవసరము.

ఎంపిక అను పోటీ

ఇక ఎంచుకొనుట సంగతి. ఎలుకలు దారి చీలిన చోట ఆగి, ఇటు అటు చూచుట చాలమంది గమనించినదే. 2007లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆడమ్ జాన్సన్, డేవిడ్ రెడిష్ అనువారు అట్టి క్షణములో ఎలుక హిప్పోకాంపస్‌ను పరిశీలించారు. ఎలుక నిలుచున్న చోటనే నిలిచియున్నది. దాని మెదడు కణములు మాత్రము మొదట ఒక దారి వెంట, తరువాత రెండవ దారి వెంట ముందుకు "నడిచి" వచ్చాయి. 2013లో జాన్స్ హాప్కిన్స్‌లో బ్రాడ్ ఫైఫర్, డేవిడ్ ఫాస్టర్ చేసిన పరీక్షలో, ఎలుక బయలుదేరక ముందే దాని కణములు తాను జ్ఞాపకముంచుకొన్న గమ్యము వైపు దారిని వరుసగా గీసి చూచుకొన్నాయి. ఎంచుకొనుట అంటే చాలవరకు జ్ఞాపకమును ముందుకు పంపి చూచుకొనుటయే.

ఈ పోటీ సమానమైనది కాదు. ఎదుట ఉన్నదానికి కన్ను, ముక్కు, చెవి అన్నియు బలమిస్తాయి. దూరములో ఉన్నదానికి లోపలి జ్ఞాపకమొక్కటే ఆధారము. చీటీ పాడి తెచ్చిన డబ్బు బీరువాలో ఉన్నది. కుమార్తె ఫీజు కట్టవలసినది జూన్ నెలలో. కొత్త టీవీ షోరూములో ఈరోజే వెలుగుతూ కనబడుతున్నది. ఫీజు పక్షమున మాట్లాడుటకు షోరూములో ఎవరును లేరు.

దూరపు గురికి ఎవరు సాయము చేస్తారు? నుదుటి వెనుకనున్న కణములే. 2001లో ఎర్ల్ మిల్లర్, జొనాథన్ కోహెన్ వ్రాసిన పేరుపొందిన వ్యాసము చెప్పినదేమనగా, ఆ భాగము మిగిలిన భాగముల పనిని తానే చేయదు. పోటీలో గురికి తగిన పక్షమునకు కొంచెము బలము కలుపుతుంది. దీనిని మీరే పరీక్షించుకొనవచ్చు. "ఎరుపు" అను మాటను పచ్చ సిరాతో వ్రాసి, చదవకుండ రంగు మాత్రమే చెప్పమని పిల్లలను అడగండి. నోటికి "ఎరుపు" అనే వస్తుంది. "పచ్చ" అనుటకు ఒక క్షణము ఆలస్యమవుతుంది. అలవాటు ఒక వైపు లాగుతుండగా, ఇచ్చిన మాట మరొక వైపునకు బలము కలుపుతున్నది. 1935లో ఈ పరీక్షను ప్రకటించిన జాన్ రిడ్లీ స్ట్రూప్ టెనస్సీలో కళాశాల ఉపాధ్యాయుడు, బైబిలు బోధకుడు కూడ.

తెలిసియు చేయలేనివారు

ఇంతవరకు చెప్పినది పాఠమైతే, ఇక్కడినుండి మన ఇండ్లలోని మాట.

రష్యా వైద్యుడు లూరియా తన రోగులలో ఒక వింతను గమనించాడు. నుదుటి వెనుక భాగము దెబ్బతిన్న మనిషికి ఒక పని చెప్పితే, చెప్పినది తిరిగి తప్పులేకుండ అప్పగిస్తాడు. కాని పని చేయడు. 1996లో కేంబ్రిడ్జిలో జాన్ డంకన్ బృందము దీనికి "గురి విస్మరణ" అని అర్థము వచ్చే పేరు పెట్టింది. పారిస్‌లో లెర్మిట్ అను వైద్యుడు 1980లలో మరొక సంగతి వివరించాడు. ఇట్టి రోగుల ముందు ఒక వస్తువు పెడితే చాలు, ఎవరును చెప్పకుండానే దానిని వాడతారు. కళ్లజోడు పెట్టుకొన్నవారికి మరొకటి అందిస్తే దాని మీదనే దానిని కూడ పెట్టుకొంటారు. లోపలి గురి మౌనముగా ఉన్నప్పుడు, ఎదుట కనబడినదే యజమాని అవుతుంది.

మన సంఘములలో పక్షవాతము వచ్చిన పెద్దలు, బండి మీదనుండి పడి తలకు దెబ్బ తగిలిన యువకులు, మతిమరపు వ్యాధితోనున్న తల్లులు ఎందరో ఉన్నారు. ఒక ఇంటిని ఊహించుకొనండి. నాన్నగారికి పక్షవాతము వచ్చి తగ్గింది. మాట బాగున్నది, నడక బాగున్నది. "మాత్ర వేసుకొన్నావా నాన్నా?" అంటే "ఇదిగో వేసుకొంటున్నాను" అంటారు. గంట తరువాత చూస్తే మాత్ర అక్కడే ఉన్నది. "స్నానము చేయండి" అంటే "సరే" అంటారు, కుర్చీలోనుండి లేవరు. ఆరాధనకు బయలుదేరమంటే చొక్కా తొడుగుకొని, మధ్యలో రేడియో కనబడితే అక్కడే కూర్చుంటారు. కోడలు "మొండితనము" అంటుంది. కుమారుడు "సోమరితనము" అంటాడు. సంఘములో ఎవరో "భక్తి తగ్గింది" అంటారు. నిజానికి తగ్గినది ఆ పాటను పట్టి ఉంచే కొన్ని గొంతులు కావచ్చును గదా.

ఇట్టివారి విషయములో "మనసుంటే మార్గముంటుంది" అనుట కుంటివానిని పరుగెత్తమని తిట్టినట్లే. వారికి కావలసినది ఉపదేశము కాదు. మాత్ర చేతికిచ్చి, వేసుకొనేవరకు పక్కన నిలిచే మనిషి కావలెను. ఫినియస్ గేజ్ జీవితములో కూడ ఇది కనబడుతుంది. ప్రమాదము తరువాత అతడు చిలీ దేశము వెళ్లి కొన్ని సంవత్సరములు గుర్రపు బండ్లు తోలాడు. ప్రతిదినము ఒకే వేళ, ఒకే దారి, ఒకే క్రమము గల ఆ పని అతడు తిరిగి నిలద్రొక్కుకొనుటకు తోడ్పడియుండవచ్చునని కొందరు పరిశోధకుల అభిప్రాయము. లోపల నిలువని క్రమము బయట దొరికింది.

"నేను కాదు, నా కణములు"

ఇప్పుడు పిల్లల వాదనకు వద్దాము. వారు సాధారణముగా చెప్పేది బెంజమిన్ లిబెట్ పరీక్ష. 1983లో ప్రకటించిన ఈ పరీక్షలో మనుష్యులను కూర్చుండబెట్టి, తోచినప్పుడు చేతిని కదల్చమన్నారు. చేయి కదులుటకు సుమారు అర సెకను ముందే మెదడులో దానికి సిద్ధపాటు కనబడింది. "కదల్చాలి" అను కోరిక తమకు తెలిసినది మాత్రము కదలికకు సుమారు 0.2 సెకను ముందేనని వారు చెప్పారు. అంటే మెదడు ముందే తీర్మానించింది, మనిషికి ఆ కబురు తరువాత అందింది అని కొందరి తాత్పర్యము.

దీనికి రెండు మాటలు చెప్పవలెను. మొదటిది, 2012లో ఆరన్ షుర్గర్ బృందము ఆ సిద్ధపాటును వేరుగా వివరించింది. మెదడులో ఎప్పుడును ఉండే హెచ్చుతగ్గులు హద్దుకు దగ్గరైనప్పుడు చేయి కదులుతుందనియు, కనబడినది జరిగిపోయిన తీర్మానము కాకపోవచ్చుననియు వారు చూపారు. రెండవది ఇంకను ముఖ్యము. ఏ కారణము లేకుండ వ్రేలు కదల్చుట తీర్మానము కాదు. ఆ పరీక్షలో అసలు తీర్మానము ఇంటి దగ్గర జరిగింది. "నేను వస్తాను, కూర్చుంటాను, మీరు చెప్పినట్లు చేస్తాను" అని మాట ఇచ్చినప్పుడే అది జరిగింది. పెండ్లి ప్రమాణము, అప్పు తీర్చుదునన్న మాట, తాగుడు మానుట, ఇవి సెకనులలో కొలిచేవి కావు.

ఇక "కణాలు చేశాయి, నేను చేయలేదు" అను మాటకు అర్థము లేదు. కొయిర్ పాడలేదు, గొంతులు పాడాయి అన్నట్లున్నది అది. నా కణములు నాకు వేరుగా మరొక మనిషి కావు. అవి కూడి చేసే పనికే నేను "నా తీర్మానము" అని పేరు పెట్టుకొంటున్నాను.

అయితే గట్టి ప్రశ్న ఇంకొకటి మిగులుతుంది. "ఆ కణములను నేను ఎన్నుకొనలేదు గదా! తల్లిదండ్రుల నుండి వచ్చినవి కొన్ని, పెరిగిన ఇల్లు మలచినవి కొన్ని. అట్లైతే నన్ను ఎందుకు తప్పుపట్టవలెను?" ఈ మాటను తేలికగా తీసివేయరాదు. ఇందులోని నిజము మనకు కనికరము నేర్పవలెను. ఇద్దరు ఒకే తీర్మానము చేసినను ఇద్దరి భారము ఒకటి కాదు. కాని కణములు రాతి మీద చెక్కిన అక్షరములు కావు. విన్న మాట, ఇచ్చిన మాట, సిగ్గు, ప్రేమ, అభ్యాసము, ఇవన్నియు కణముల మధ్య బంధములను మార్చే కారణములే. "నీవు దీనికి జవాబు చెప్పవలెను" అని ఒక మనిషితో అనుట కూడ అతని మెదడులో పనిచేసే ఒక కారణము. కారణములను విని మారగల శక్తి ఉన్నంతవరకు బాధ్యత ఉన్నది. ఆ శక్తి ఎంత దెబ్బతిన్నదో, బాధ్యత అంత తగ్గుతుంది.

నడుమ నిలిచినవారు

అన్నిటికంటె కష్టమైనది తాగుడుకు లోబడినవాని సంగతి. అతడు పక్షవాతము వచ్చిన నాన్నగారి వంటివాడు కాదు, పూర్తి ఆరోగ్యవంతుని వంటివాడును కాదు. మెదడులో డోపమిన్ అను రసాయనమును పంపే కణములున్నవి. వోల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతులతో చేసిన పరీక్షలలో, పండ్లరసము నోట పడినప్పుడు మొదట ఈ కణములు స్పందించాయి. కొన్నాళ్లకు రసము రాబోతున్నదని తెలిపే గుర్తు కనబడగానే స్పందించాయి. తాగేవానికి ఆ గుర్తులు సీసా ఒక్కటే కావు. జీతపు కవరు, శనివారపు సాయంత్రము, మూల మీది దుకాణము, ఫలానా స్నేహితుని కేక, ఇవన్నియు గుర్తులే. అవి కనబడినప్పుడు భార్యకు ఇచ్చిన మాట లోపల ఒంటరిగా నిలిచి పోరాడుతుంది. చేయగోరిన మేలు చేయలేకపోవుటను గూర్చి పౌలు రోమా పత్రిక ఏడవ అధ్యాయములో వ్రాసిన వేదన అతనికి కొత్త కాదు.

మరి అతనిని ఏమనవలెను? "రోగి, పాపము" అని ఊరకుంటే, దెబ్బలు తిన్న భార్యకును ఆకలితో పడుకొన్న పిల్లలకును అన్యాయము చేసినవారమవుతాము. "దుష్టుడు" అని వెలివేస్తే, అతని గురికి మిగిలిన చివరి తోడు కూడ తీసివేసినవారమవుతాము. నాకు తోచిన మార్గమిది. అతని బాధ్యత గ్లాసు ముందు మొదలు కాదు, ఎంతో ముందే మొదలవుతుంది. జీతము నేరుగా భార్య చేతికి అందే ఏర్పాటుకు ఒప్పుకొనెనా? ఆ దుకాణపు దారి మానుకొనెనా? వైద్యునియొద్దకు వచ్చుటకు సమ్మతించెనా? ఈ ప్రశ్నలు గురి ఇంకను మాట్లాడగలిగిన ప్రశాంతమైన ఉదయమున అడిగేవి. వాటికి అతడు జవాబు చెప్పవలసినదే. గ్లాసు ముందు ఓడినందుకంటె, ఆ ఉదయమున నిరాకరించినందుకు అతడు ఎక్కువ దోషి. అట్లని అతడు ఇంటిలో చేసిన హాని చిన్నదైపోదు. హాని పొందినవారిని కాపాడుట మొదటి పని. అతనికి తోడుగా నిలుచుట రెండవది. మొదటిది చేయక రెండవదానిని గూర్చి మాట్లాడరాదు.

ముందుగా చేయదగినది

ఈ మాట మనకందరికిని వర్తిస్తుంది. శోధన క్షణములో కండబలము చూపుటనే మనము సంకల్పబలము అనుకొంటాము. మెదడు పనితీరు చెప్పేది వేరు. గురికి ముందుగానే తోడును ఏర్పాటు చేయుటయే సంకల్పబలములో పెద్ద భాగము.

జర్మనీకి చెందిన పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ అనువారు 1997లో ఒక అధ్యయనము ప్రకటించారు. క్రిస్మసుకు ముందు రోజు సాయంత్రము ఎట్లు గడిపారో రెండు దినములలో వ్రాసి పంపమని విద్యార్థులను అడిగారు. "ఎప్పుడు, ఎక్కడ కూర్చుని వ్రాస్తాను" అని ముందుగా నిర్ణయించుకొన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పంపారు. అట్లు నిర్ణయించుకొననివారిలో మూడింట ఒక వంతు మందే పంపారు. గురి ఒకటే. ఒక గుంపు దానిని ఒక వేళకు, ఒక చోటికి ముడివేసింది. ఆ వేళ, ఆ చోటు వచ్చినప్పుడు అవే గురిని లేపాయి.

కాబట్టి "కోపము మానుకొంటాను" అనుటకంటె "మా అబ్బాయి మార్కుల కాగితము తెచ్చినప్పుడు ముందు మంచినీళ్లు తాగి, ఆ తరువాత మాట్లాడతాను" అనుట మేలు. "అమ్మకు ఫోను చేస్తాను" అనుటకంటె "ఆదివారము ఆరాధన ముగిసి ఇంటికి రాగానే, చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నప్పుడు చేస్తాను" అనుట మేలు. నమ్మిన ఒకరితో ఆ మాట చెప్పి ఉంచుట ఇంకను మేలు. మన లోపల పాట ఆగినప్పుడు వారు అందుకొంటారు.

మనకు ముందు ఇట్లు చేసినవారున్నారు. సోలాపూరు మగ్గముల దగ్గరికి, బొంబాయి కట్టడపు పనులకు, బరంపురమునకు, బెంగళూరునకు, మద్రాసునకు మన పెద్దలు వచ్చినప్పుడు, పిల్లలకు తెలుగు చదువు నేర్పవలెనను గురి వారిలో అనేకులకు ఉండెను. తమ మనసుల బలము మీదనే దానిని విడిచిపెట్టియుంటే ఒక తరములో మాసిపోయి ఉండును. వారు దానిని ఆదివారపు బడికి, రాత్రి దీపము దగ్గరి వాచకమునకు, ఇంటిలో తెలుగే మాట్లాడవలెనను నియమమునకు కట్టివేశారు. ఒకరు అలసినప్పుడు మరొకరు అందుకొన్నారు. ఈ పత్రికను ఈనాడు మీరు తెలుగులో చదువుచున్నారంటే ఆ పాట ఇంకను ఆగలేదన్నమాట.

తీర్మానము ఎవరిది అని అడిగితిమి. అది నాదే. నా కణములు కూడి చేసినది గనుకనే నాది. దానిని నిలుపుకొనుట నా బాధ్యతయే, కాని నేను ఒంటరిగా మోయవలసినది కాదు. కనుక ఈసారి మీ ఇంటిలో ఎవరైనను ఇచ్చిన మాట తప్పినప్పుడు, తిట్టుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనండి. ఇతడు మాటను విడిచిపెట్టెనా, లేక పట్టి ఉంచలేకపోయెనా? విడిచిపెట్టియుంటే సూటిగా మందలించండి. పట్టి ఉంచలేకపోయియుంటే, మీ గొంతును అతని గొంతుకు కలపండి.